బల్లి ఎవరితో మాట్లాడుతోంది?

దక్షిణ అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్‌ను ఆనుకుని ప్రోతరాపూర్ ఉంది. పోర్ట్ బ్లెయిర్‌ను 2024 నుంచి ప్రభుత్వం శ్రీ విజయపురం అంటోంది; మా నోటికింకా పాత పేరే వస్తోంది. ప్రోతరాపూర్ అనగానే అక్కడివాళ్ళకు జిల్లా జైలు గుర్తొస్తుంది. మాకు మాత్రం ఒక రేకుల ఇల్లు గుర్తొస్తుంది. శ్రీకాకుళం వైపు నుంచి రెండు తరాల కింద కూలిపనికి ఓడెక్కి వచ్చిన కుటుంబం అది. కొన్నేళ్ళ క్రితం ధమ్మదీక్ష తీసుకున్నారు. ఒక వానాకాలపు సాయంత్రం ఆ ఇంట్లో త్రిశరణాలు, పంచశీల చెప్పుకుని, బాబాసాహెబ్ పటం ముందు కొవ్వొత్తి వెలిగించి కూర్చున్నాం. అప్పుడే గోడమీద బల్లి పలికింది. ఆ ఇంటి అవ్వ గబుక్కున నేలమీద వేలితో తట్టి ‘సత్యం, సత్యం’ అంది. వెంటనే మా వంక చూసి సిగ్గుపడి నవ్వింది. “అలవాటు బాబూ, పోదు.”

మరికాసేపటికి వంటింటి మూల కట్టెల చాటునుంచి ఒక పాము వచ్చింది. సన్నగా, గోధుమరంగులో, రెండడుగులుంటుందేమో. ఆ ఇంటి కుర్రాడు కర్ర తీశాడు. మూడు దెబ్బల్లో అయిపోయింది. వరండాలో కూర్చున్న పొరుగింటి పెద్దాయన మెచ్చుకోలుగా తలూపి, “పాము జాతి అంతే బావూ. పాలు పోసి పెంచినా కాటేస్తాది” అన్నాడు. తొమ్మిదో తరగతి చదివే ఆ ఇంటి పిల్ల మమ్మల్ని అడిగింది: “ఇందాకే కదా సార్, ప్రాణం తియ్యం అని చెప్పుకున్నాం?”

మేము ఆ రాత్రి సరైన జవాబు చెప్పలేకపోయాం. ఏదో చెప్పాం. ఈ వ్యాసం ఆలస్యంగా వస్తున్న జవాబు.

మరునాడు అడవిపని తెలిసిన ఒకాయనకు ఫోనులో తీసిన ఫోటో చూపించాం. అది కట్లపాములా కనిపించి భయపెట్టే వుల్ఫ్ స్నేక్ అన్నాడు. విషం లేదు. ఇళ్ళలోకి ఎందుకొస్తుందంటే బల్లుల కోసం. అంటే ఆ సాయంత్రం ఆ ఇంట్లో రెండు సరీసృపాలకు సంబంధించిన పని ఒకటి నడుస్తోంది, మాతో ఏ సంబంధమూ లేకుండా. మనం మధ్యలో దూరి ఒకదాని మాటను మన శకునంగా తీసుకున్నాం, రెండోదాని రాకను మన మీదికి దండయాత్రగా తీసుకున్నాం.

బల్లి సంగతి ముందు చెప్పుకుందాం. తొండలకు, ఉడుములకు చెప్పుకోదగ్గ గొంతు లేదు. బల్లుల కుటుంబానికి ఉంది. గోడమీద మగబల్లి ‘టిక్ టిక్’ మనేది ఎక్కువగా మరో మగబల్లి తన చోటికి వచ్చినప్పుడు, పోట్లాట అయ్యాక, ఆడబల్లి ఎదురైనప్పుడు. ఈ దీపం దగ్గరి పురుగులు నావి, ఈ మూల నాది, నేనిక్కడున్నాను. ఆ పలుకులో ఉన్నది అంత మాత్రమే. వినేది ఇంకో బల్లి. మనమేమో ఆ పలుకుకు దిక్కులు, వారాలు కట్టాం. బల్లి ఒంటిమీద ఎక్కడ పడితే ఏ ఫలమో పంచాంగం చివరి పేజీల్లో పట్టిక వేశాం. తనకు రాని ఉత్తరాన్ని తనదే అనుకుని చదువుకునే మనిషి ఎలా ఉంటాడో మనం అలా ఉన్నాం. 22 ప్రతిజ్ఞలు చేసినవాళ్ళం కాబట్టి శకునాలు వదిలేశాం అనుకుంటాం. అవ్వ వేలు ఇంకా నేలను తడుతూనే ఉంది. అవ్వను తప్పుపట్టడం లేదు. లోకంలోని ప్రతి శబ్దమూ మన గురించే అనుకోవడం ఒక్క అవ్వ రోగం కాదు.

అండమాన్‌లో మొసలి గురించి మాట్లాడకుండా సరీసృపాల గురించి మాట్లాడలేం. మడ అడవుల పాయల దగ్గర, కొన్ని బీచ్‌ల దగ్గర అటవీశాఖ హెచ్చరిక బోర్డులు పెట్టింది. 2010లో హేవ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, సముద్రంలో దిగిన ఒక విదేశీ పర్యాటకురాలిని ఉప్పునీటి మొసలి చంపింది. అది ప్రపంచమంతా తెలిసిన మరణం. చేపలకూ పీతలకూ పాయల్లోకి దిగే పేదల భయం అంత దూరం వినపడదు. అందుచేత మొసలి మీద ప్రేమ కవిత్వం రాసే ఉద్దేశం మాకు లేదు.

కానీ మొసలి గూటి దగ్గర జరిగేది తెలుసుకోవాలి. ఆడ మొసలి ఆకులూ గడ్డీ బురదా పోగుచేసి కుప్ప వేస్తుంది. అందులో నలభై, యాభై గుడ్లు పెడుతుంది. దాదాపు మూడు నెలలు దగ్గరలోనే కాపలా ఉంటుంది. పొదిగే రోజులు నిండేసరికి గుడ్డులోపలి పిల్లలు అరవడం మొదలుపెడతాయి. ఇంకా పుట్టలేదు, అప్పుడే మాట్లాడుతున్నాయి. 2008లో ఇద్దరు ఫ్రెంచి పరిశోధకులు నైలు మొసళ్ళ మీద దీన్ని పరీక్షించారు. గుడ్డులోని పిల్లల అరుపులు రికార్డు చేసి మిగతా గుడ్లకు వినిపిస్తే ఆ గుడ్లలోవి బదులు పలికాయి, కదిలాయి, పెంకు పగలగొట్టుకుని బయటికి వచ్చాయి. తల్లులకు వినిపిస్తే గూటిని తవ్వడం మొదలుపెట్టాయి. అన్నీ ఒకేసారి బయటికి రావాలని పిల్లలు ఒకదానితో ఒకటి చెప్పుకుంటున్నాయి, తల్లికీ చెబుతున్నాయి. ఆ తల్లి, పశువు ఎముకను నలగగొట్టే ఆ దవడలతోనే పిల్లల్ని నోట పట్టుకుని నీళ్ళలోకి తీసుకెళుతుంది. తర్వాత కొన్ని వారాలపాటు పిల్ల అరిస్తే వస్తుంది.

మొసలి కన్నీరు అంటే దొంగ ఏడుపు అని మన భాషలో స్థిరపడింది. మొసలి చర్మం మీద, ముఖ్యంగా దవడల చుట్టూ, చిన్న చుక్కల్లాంటివి ఉంటాయి. నీటిలో ఏ కొద్ది కదలికనైనా అవి పట్టేస్తాయి. పెద్ద మగ మొసలి గర్జించే ముందు నీటి అడుగున మన చెవికి అందని సన్నని అదురు పుట్టిస్తుంది, వీపు మీది నీళ్ళు చినుకులు పడ్డట్టు చిందుతాయి. ఒక పాయలో ఎవరు పెద్ద, ఎవరు తప్పుకోవాలి అన్నది చాలావరకు ఈ అదురుతో, తల నీటిమీద కొట్టే చప్పుడుతో తేలిపోతుంది. ప్రతిసారీ రక్తం అవసరం లేదు.

తాబేళ్ళను మూగవి అనుకునేవారు. 2022లో వెలువడిన ఒక పరిశోధనలో యాభై రకాల తాబేళ్ళ గొంతులు రికార్డు చేశారు. మూగవని చాలాకాలం పుస్తకాల్లో రాసింది, ఎవరూ సరిగ్గా మైకు పెట్టి వినకపోవడం వల్ల. అదే పరిశోధనలో న్యూజిలాండ్‌లోని టువటారా అనే ప్రాచీన ప్రాణి గొంతు కూడా ఉంది. విననివాళ్ళు ఎదుటివాళ్ళను మూగవాళ్ళని రాసిపెట్టడం మనకు కొత్త విషయం కాదు గనుక దీన్ని ఇక్కడ వదిలేస్తున్నాం.

ఇక పాము. దాని మాట ఎక్కువగా వాసనలో ఉంటుంది. చీలిన నాలుక గాలిలోంచి, నేలమీదనుంచి రేణువుల్ని తీసి నోటి పైకప్పులోని ఒక అవయవానికి అందిస్తుంది. రెండు కొసలు రెండు చోట్ల తాకుతాయి కనుక ఏ వైపు వాసన ఎక్కువో తేలుతుంది, దారి పట్టుకోవచ్చు. మగపాము ఆడపాము వెళ్ళిన జాడను ఇలా వెతుక్కుంటూ పోతుంది. ఆ జాడలో తన జాతిదేనా, ఆడదేనా, జతకు సిద్ధమా అన్నీ రాసి ఉంటాయి. రెండు జెర్రిపోతులు పెనవేసుకుని లేస్తుంటే మన ఊళ్ళలో అది సరసం అనుకుని కొత్తగుడ్డ కప్పేవారు. చాలాసార్లు అవి రెండూ మగవే, కుస్తీ పడుతుంటాయి. నాగుపాము జెర్రిపోతుతో జతకడుతుందని కూడా మా చిన్నప్పుడు గట్టిగా చెప్పేవారు. పక్క వీధి పిల్లను ప్రేమించినందుకు కొడుకును నరకబోయిన పెద్దమనిషే అరుగు మీద కూర్చుని నాగుపాముకూ జెర్రిపోతుకూ పెళ్ళి చేసేవాడు. పాముల్లో అలాంటిది జరగదు.

పాముకు తోడు అక్కర్లేదన్న మాట కూడా నిలవడం లేదు. అమెరికాలోని కొన్ని రకాల గిలక పాములు చూలుతో ఉన్నప్పుడు ఒకచోట చేరతాయి. కన్నాక పిల్లల మొదటి కుబుసం విడిచేదాకా దగ్గరుంటాయి. కాలిఫోర్నియాలో 2023లో ప్రచురించిన పరిశీలనలో, భయపెట్టినప్పుడు ఒంటరి పాము గుండె ఎక్కువ వేగంగా కొట్టుకుంది, పక్కన ఇంకో పాము ఉంటే తక్కువగా. మన విశాఖ ఏజెన్సీలో గిరినాగు అంటామే, ఆ రాచనాగు అండమాన్ అడవుల్లోనూ ఉంది. లోకంలో ఆకులు పోగుచేసి గూడు కట్టే పాము అదే. ఆడది ఆ గూడు మీద వారాల తరబడి ఉపవాసంగా కాపలా కాస్తుంది.

పాము మనిషితో నేరుగా మాట్లాడే మాట ఒకటుంది. పడగ విప్పుతుంది, బుస కొడుతుంది. దాని అర్థం దూరంగా ఉండమని. బల్లి మనతో మాట్లాడకపోయినా మనతో అనుకుంటాం. పాము మనతోనే మాట్లాడితే అర్థం చేసుకోకుండా పగ అంటాం. పాము పగ పన్నెండేళ్ళని సామెత కూడా కట్టాం. పగ పట్టి పన్నెండేళ్ళు వెంటాడటం మా సామాజిక పనిలో మేము చాలాసార్లు చూశాం. అందులో ఒక్కదానిలో కూడా పాము లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మొసలి తల్లి ప్రేమను చూడండి, దాన్నుంచి నేర్చుకోండి అని మేము అనడం లేదు. ఆ పిల్లల్ని తినేవాటిలో పెద్ద మొసళ్ళూ ఉన్నాయి. ప్రకృతిలోంచి నీతిని తవ్వుకోవడం మొదలుపెడితే ఎవరికి కావలసింది వాళ్ళకు దొరుకుతుంది. పెద్ద చేప చిన్న చేపను తింటుందనే న్యాయంతోనే కదా రాజదండాన్ని, దాని వెనకే వర్ణాన్నీ సమర్థించుకున్నారు. ధమ్మం జంతువుల్ని అనుకరించమని ఎక్కడా చెప్పలేదు. చూడమంది. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడమంది.

అలా చూసిన చోటు ఒకటి సుత్తనిపాతంలో ఉంది. వాసెట్ఠ సుత్తం. ఇద్దరు బ్రాహ్మణ యువకులు వాదులాడుకుని బుద్ధుని దగ్గరికి వస్తారు. బ్రాహ్మణుడయ్యేది పుట్టుకతోనా, చేతతోనా? భగవానుడు గడ్డీ చెట్లతో మొదలుపెట్టి పురుగులు, నాలుగుకాళ్ళ జంతువులు, పొట్టతో పాకే పొడుగు వీపు పాములు, చేపలు, పక్షులు ఇలా ఒక్కొక్కదాన్నీ చెబుతాడు. వీటన్నిటికీ జాతిని తెలిపే గుర్తు ఒంటిమీదే ఉంది, అవి వేరువేరు. మనుషుల్లో తల నుంచి కాళ్ళదాకా వెతికినా అలాంటి గుర్తు లేదు. ఉన్నది పిలుపులో మాత్రమే, చేసే పనిని బట్టి పెట్టుకున్న పేరులో.

ఈ సుత్తాన్ని మేము ఎన్నో సభల్లో చెప్పాం. మనుషుల భాగం మీదే గొంతు పెంచేవాళ్ళం, పాముల భాగం తొందరగా దాటేసేవాళ్ళం. ప్రోతరాపూర్ పాము చచ్చాక ఆ భాగం దగ్గర ఆగాం. పాముకు జాతి నిజంగా ఉంది. పొలుసుల వరుసలో ఉంది, పళ్ళలో ఉంది, చర్మపు వాసనలో ఉంది. ఇంకో పాము నాలుక చాచి చదువుకోగలదు. కర్ర పట్టుకున్న కుర్రాడు ఆ గుర్తు చూడలేదు. చూసుంటే విషం లేదని తెలిసేది. ‘పాము’ అనే పేరు చాలింది. ఉన్న గుర్తును చదవని మనమే, లేని గుర్తును మనుషుల మీద ఎంత శ్రద్ధగా చదువుతామో! మన నాలుక చీలి లేదు కాబట్టి నోటితో అడుగుతాం. ఏ ఊరు? ఊళ్ళో ఏ వైపు? ఇంటిపేరేమిటి? అక్కడా తేలకపోతే, ఫలానా మాస్టారు మీకేమవుతారు?

‘ఆ జాతి అంతే’ అన్న మాట వినగానే ఆ గదిలో మనవాళ్ళందరూ ఒక్క క్షణం మాటలేకుండా అయిపోయారు. పెద్దాయన అన్నది పామును. ఆ ఇంట్లో ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు, ఎక్కడో ఒకచోట ఆ మాటను తమ మీద విన్నవాళ్ళు. సుమతి శతకంలో పాము విషం, తేలు విషం ఎక్కడుంటాయో చెప్పి చెడ్డవాడితో పోల్చే పద్యం మనందరం బడిలో వల్లెవేసిందే. పామును చెడ్డతనానికి కొలబద్ద చేసుకున్నాక, ఎవణ్ణయినా పాము అంటే చాలు, తర్వాత కర్రకు కారణం అక్కర్లేదు. నాగులంటే మనకు పాములు కాదు, మనుషులు, ధమ్మాన్ని వ్యాప్తి చేసిన ప్రజలు అని బాబాసాహెబ్ 1956లో నాగపూర్‌లో చెప్పారు. అమరావతి శిల్పంలో రామగ్రామ స్తూపాన్ని కాపలా కాస్తున్నవాళ్ళూ నాగులే. ఆ చరిత్ర చర్చ ఈ పత్రికలో చాలాసార్లు వచ్చింది, మళ్ళీ ఎత్తుకోం. వినయపిటకంలోని ఒక చిన్న కథ మాత్రం చెప్పుకోవాలి. ఒక నాగు మనిషి రూపంలో వచ్చి భిక్షువయ్యాడు. నిద్రలో అసలు రూపం బయటపడింది. అప్పటినుంచి ఉపసంపద కోరి వచ్చినవాణ్ణి నువ్వు మనిషివేనా అని అడగడం నియమమైంది. సంఘం పుట్టుక గురించి అడిగింది ఆ ఒక్క ప్రశ్నే. అవునంటే ఆ విషయంలో ఇక పేచీ లేదు. ఏ మనిషివి అని లేదు.

అండమాన్‌లో కులం లేదని అందరూ చెబుతారు. అందులో కొంత నిజముంది. కాలాపానీకి వచ్చిన ఖైదీలు కులాల్ని పట్టించుకోకుండా పెళ్ళిళ్ళు చేసుకున్నారు. ఆ సంతతిని అక్కడ ‘లోకల్ బార్న్’ అంటారు. 2011 జనాభా లెక్కల్లో ఈ ద్వీపాల్లో షెడ్యూల్డ్ కులాల సంఖ్య సున్నా. మేము న్యాయశాస్త్రం చదివినవాళ్ళం కనుక సున్నాను చూసి మురిసిపోలేదు. ఈ కేంద్రపాలిత ప్రాంతానికి షెడ్యూల్డ్ కులాల జాబితాయే ప్రకటించలేదు. జాబితా లేనిచోట లెక్క సున్నా వస్తుంది. బంగాళాఖాతం దాటేటప్పుడు కులం మునిగిపోయిందా అంటే, పెళ్ళి మాట వచ్చేదాకా ఆగి చూడాలి. అప్పుడు ఫోను నేరుగా శ్రీకాకుళం పోతుంది. ఆ పెద్దాయన రోజూ ఆ ఇంటి వరండాలో కూర్చుంటాడు, పిల్లలంటే ప్రాణం, జ్వరమొస్తే ఆసుపత్రికి తానే తీసుకెళతాడు. టీ ఇస్తే మాత్రం “షుగరు బావూ” అంటాడు. జంక్షన్ దగ్గర అదే టీ రెండు చెంచాల పంచదారతో తాగుతాడు. ఇది ఆ పిల్ల మాకు చెప్పింది.

పిల్ల అడిగిన ప్రశ్న దగ్గరికి వద్దాం. మొదటి శీలాన్ని ఆ కుర్రాడు తప్పాడా? బాబాసాహెబ్ ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’లో అహింసను వివరిస్తూ చంపాలనే కోరికకూ చంపక తప్పని అవసరానికీ తేడా చెప్పారు. కోరిక తప్ప మరేదీ లేనిచోట చంపడాన్నే బుద్ధుడు నిషేధించాడన్నది ఆయన వివరణ. మన చట్టం కూడా ఆ దారిలోనే ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉప్పునీటి మొసలికి మొదటి షెడ్యూలులో రక్షణ ఇచ్చింది. అదే చట్టం పదకొండో సెక్షన్‌లో, తన ప్రాణాన్నో ఇంకొకరి ప్రాణాన్నో కాపాడుకోవడానికి సద్బుద్ధితో చంపితే నేరం కాదని రాసింది. పాయలో వలేసే మనిషి మీదికి మొసలి వస్తే అతణ్ణి మేము తప్పుపట్టం. అయితే అవసరం అనే మాటను సాగదీయడం ఎంత తేలికో కోర్టు వరండాల్లో తిరిగినవాళ్ళకు తెలుసు. అవసరమా కాదా తేల్చాలంటే ముందు చూడాలి. ఆ సాయంత్రం దీపం ఉంది, టార్చి ఉంది, వెనక తలుపుంది, పాము గోడవారగా పోతోంది. చూసేంత సమయం ఉంది. ఎవరమూ చూడలేదు, మాతో సహా. కుర్రాడిది చంపాలనే కోరిక కాదు, భయం. పక్కనే కూర్చున్న మాకు ఆ భయం కూడా సాకు కాదు. ఆగమనలేదు.

బాబాసాహెబ్ అక్కడితో ఆగలేదు. కరుణ మనుషుల పట్ల, మైత్రి సమస్త ప్రాణుల పట్ల అన్నారు. పాముతో మైత్రి ఎలా అని నవ్వేవాళ్ళున్నారు. అంగుత్తర నికాయంలో ఒక సంఘటన ఉంది. సావత్థిలో ఒక భిక్షువు పాము కాటుతో చనిపోయాడు. అతడు నాలుగు సర్పకులాల పట్ల మైత్రి ప్రసరింపజేయలేదని భగవానుడు అన్నాడు. తర్వాత కాళ్ళు లేనివాటికి, రెండు కాళ్ళవాటికి, నాలుగు కాళ్ళవాటికి, చాలా కాళ్ళవాటికి మైత్రి పలికే పాఠం చెప్పాడు. దీన్ని మంత్రంగా చదివేవాళ్ళు ఉన్నారు. పాముకు బయటి చెవి లేదు. నేల అదురు తెలుస్తుంది, కొంత గాలిలోని శబ్దమూ తెలుస్తుంది, పాళీ మాత్రం తెలియదు. కాటు పడ్డాక పరిత్త పఠనం కాదు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రి. ఈ మాట ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పినా చాలదు.

మరి ఆ పాఠం ఎవరికోసం? నడిచే భిక్షువు కోసమని మా నమ్మకం. ఈ దారిలో ఇంకొకరు ఉన్నారు, వాళ్ళకీ భయముంది, వాళ్ళ పని వాళ్ళకుంది అని గుర్తున్నవాడు చీకట్లో అడుగు చూసి వేస్తాడు. కట్టెలు వంటింటి మూలన పేర్చడు. గడపలో దీపం పెట్టుకుంటాడు. మైత్రి అక్కడ అడుగు వేసే పద్ధతిలో కనిపిస్తుంది. ఈ పాఠం చదివీ చూడకుండా అడుగేసేవాణ్ణి అది కాపాడుతుందని మేము చెప్పం.

నెల తర్వాత ఆ పిల్ల ఫోను చేసింది. కట్టెలు బయట రేకుల కిందికి మార్చారట. మళ్ళీ ఒక పాము వచ్చిందట, ఈసారి పిల్లల్ని మంచం ఎక్కించి, వెనక తలుపు తీసి, దూరం నుంచి టార్చి వేసి నిలబడ్డారట. పది నిమిషాలకు దానంతట అదే పోయింది. టార్చి పట్టుకున్నది పొరుగింటి పెద్దాయనే.

“టీ తాగాడా?” అని అడిగాం.

“షుగరు అన్నాడు సార్” అంది.